పచ్చ లైటు దేనికి కట్టి ఉంది?

మీలో చాలామంది ఇంటి వైఫై మీద ఈ ఎపిసోడ్ చూస్తుంటారు. గోడకు తగిలించిన ఆ డబ్బా మీద నాలుగైదు లైట్లు ఉంటాయి కదా, వాటిలో ఒకదాని కింద ఎల్‌ఓఎస్ అని రాసి ఉంటుంది. లాస్ ఆఫ్ సిగ్నల్. అది ఎర్రగా వెలిగితే మనమందరం చేసే పని ఒకటే, స్విచ్ ఆపి మళ్లీ వేస్తాం. కానీ ఆ ఎర్ర లైటు చెప్పేదేంటంటే, బయటి నుంచి ఫైబర్‌లో రావాల్సిన కాంతి ఈ డబ్బా దాకా రావడం లేదని. వీధి చివర స్తంభం దగ్గర తెగిన ఫైబర్ మనం డబ్బాని పదిసార్లు రీస్టార్ట్ చేసినా అతుక్కోదు.

లైటు చెప్పింది ఒకటి, మనం విన్నది ఇంకొకటి. ఇవాళ్టి టాపిక్ ఇదే. పెద్ద బిల్డింగుల్లో ఏసీలనీ, ఫ్యాన్లనీ, పంపులనీ నడిపే నెట్‌వర్క్ కంట్రోలర్లు ఉంటాయి. వాటి మీది చిన్న చిన్న లైట్లు చూసి తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు, ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చింది అన్నది చెప్తా. ఇదేదో ఎయిర్ కండిషన్ ఆఫీసుల్లో పుట్టిన విద్య అనుకునేరు. కాదు. దీని మూలాలు చూడాలంటే మా బిట్రగుంట లాంటి రైల్వే ఊరికి రావాలి.

బిట్రగుంట తెలియనివాళ్లకి: నెల్లూరు జిల్లా, బోగోలు మండలం. చెన్నై నుంచి విజయవాడ వెళ్లే మెయిన్ లైన్ మీద నెల్లూరు దాటాక, కావలికి ముందు వస్తుంది. మద్రాసునీ బెజవాడనీ కలిపే రైలు మార్గం 1899లో పూర్తయింది. తర్వాత ఇక్కడ స్టీమ్ ఇంజన్ల షెడ్డు, గూడ్సు బండ్లని విడదీసి మళ్లీ కూర్చే పెద్ద యార్డు ఉండేవి. ఊరంటే రైల్వే, రైల్వే అంటే ఊరు. రిటైర్డ్ రైల్వే ఉద్యోగి లేని వీధి మా దగ్గర వెతికినా దొరకదు. 1980 ప్రాంతంలో ఈ లైన్ మీదికి కరెంటు ఇంజన్లొచ్చాయి. బొగ్గు, నీళ్లు అవసరం లేని ఇంజనుకి దారి మధ్యలో అంత పెద్ద షెడ్డుతో పనేముంటుంది? ఊరి పాత వైభవం అలా తగ్గిపోయింది. ఆ కథ పూర్తిగా చెప్పాలంటే ఇంకో ఎపిసోడ్ కావాలి, చేస్తా.

ఇవాళ మనకి కావాల్సింది ఆ రోజుల్లోని రెక్క సిగ్నల్. పాత సినిమాల్లో చూసుంటారు, ఎత్తైన స్తంభం మీద ఎర్రటి రెక్క. మన దగ్గర ఎక్కువగా ఉన్న రకంలో రెక్క అడ్డంగా ఉంటే ఆగు అని, కిందికి వాలితే పో అని. రాత్రిపూట రెక్క కనిపించదు కాబట్టి దాని వెనక కిరసనాయిలు దీపం, ముందు రంగు గాజులు. రెక్క కదిలితే దాంతోపాటే గాజులు కదిలి, దీపం ముందుకి ఎరుపో పచ్చో వస్తుంది. డ్రైవరుకి ఏం కనపడాలో తేలిపోయింది. మరి సిగ్నల్ లాగినవాడి సంగతేంటి? అతను వందల గజాల అవతల కేబిన్‌లో ఉంటాడు. లివర్ లాగాడు, తీగ కదిలింది, సరే. తీగ మధ్యలో తెగిందేమో? రెక్క ఇరుక్కుపోయిందేమో? గాలికి దీపం ఆరిపోయిందేమో? చీకట్లో ఎలా తెలుస్తుంది?

దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు భలే ఇష్టం. దీపం డబ్బాకి వెనక వైపు, అంటే కేబిన్ వైపు, ఒక చిన్న రంధ్రం పెట్టారు. రెక్క ఆగు అని అడ్డంగా ఉన్నప్పుడు ఆ రంధ్రంలోంచి చిన్న తెల్లటి వెలుగు కనిపిస్తుంది. రెక్క వాలిందా, రెక్కకే తగిలించిన చిన్న రేకు వచ్చి ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. దీన్ని బ్యాక్ లైట్ అంటారు. మీ ఫోన్ స్క్రీన్ బ్యాక్ లైట్ కాదు, ఇది దానికి తాత.

ఇప్పుడు ఇంజనీర్‌లా ఆలోచించండి. కేబిన్‌లో మనిషి దగ్గర రెండు సమాచారాలున్నాయి. చేతిలో లివర్, అంటే తను ఇచ్చిన ఆర్డర్. దూరంగా బ్యాక్ లైట్, అంటే అక్కడ నిజంగా జరిగినది. లివర్ వెనక్కి పెట్టాడు, వెలుగు కనిపించింది: రెక్క ఆగు మీద ఉంది, దీపమూ వెలుగుతోంది, ఒక్క చూపులో రెండు సంగతులు. లివర్ వెనక్కి పెట్టినా వెలుగు కనిపించలేదు: రెక్క తిరిగి రాలేదు, లేదా దీపం ఆరింది. రెండిట్లో ఏదైనా మనిషిని పంపించి చూడాల్సిందే. మా వీధిలో ఒక రిటైర్డ్ పెద్దాయన్ని దీని గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "లివర్ మనం చెప్పే మాటబ్బయా, లైటు అది చెప్పే మాట. రెండూ కలవాల."

నేను బీటెక్ నాలుగేళ్లు చదివి కంట్రోల్ సిస్టమ్స్‌లో రాసిన జవాబులన్నీ పక్కన పెట్టి ఈ మాట ఒక్కటి రాసినా పాసవ్వాలి అని నా అభిప్రాయం.

ఆర్డర్ వేరు, నిజం వేరు అన్నది ఒక ముక్క. ఇంకో ముక్క ఉంది: లైటు చెడిపోతే అది ఏం చెప్పాలి? దీనికి జవాబు రైల్వేలు రక్తం పెట్టి నేర్చుకున్నాయి. 1876 జనవరి 21, ఇంగ్లండ్‌లో అబాట్స్ రిప్టన్ అనే చోటు. విపరీతమైన మంచు. అప్పట్లో సిగ్నళ్లు మామూలుగా పో అనే స్థితిలోనే ఉండేవి, అవసరమైతే ఆగు మీదికి మార్చేవాళ్లు. పైగా రెక్క స్తంభంలోని సందులో కదిలేది. ఆ సందులో మంచు గడ్డకట్టి రెక్కలు పో మీదే బిగుసుకుపోయాయి. కేబిన్‌లో మనిషి లివర్‌ని ఆగు మీదికే పెట్టాడు. ఎక్స్‌ప్రెస్ డ్రైవరుకి మాత్రం దారి ఖాళీ అనే కనిపించింది. వెళ్లి బొగ్గు బండిని గుద్దింది, ఆ శిథిలాలని ఇంకో రైలు వచ్చి గుద్దింది. ఆ తర్వాతే సిగ్నల్ మామూలుగా ఆగు మీద ఉండాలి, పో అన్నది ప్రత్యేకంగా ఇవ్వాలి అన్న పద్ధతి స్థిరపడింది.

రంగుల విషయంలో కూడా ఇలాంటిదే. మొదట్లో పచ్చ అంటే జాగ్రత్త, తెలుపు అంటే దారి ఖాళీ. ఎర్ర గాజు పగిలి రాలిపోయిందనుకోండి, మిగిలేది ఒట్టి దీపం. తెల్లటి వెలుగు. అంటే ఆగు అనే సిగ్నల్ చెడిపోయి పో అని చెబుతుంది! పైగా ఊళ్లలో వీధి దీపాలు పెరిగేకొద్దీ ఏ తెల్ల వెలుగు సిగ్నలో, ఏది టీ కొట్టు దీపమో తెలియదు. అందుకే పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి తెలుపుని తీసేసి పచ్చని పో చేశారు. మీ ఛార్జర్ మీద, రౌటర్ మీద, లిఫ్టు బటన్ మీద పచ్చ అంటే ఓకే అని మనకి పుట్టుకతో తెలిసినట్టు అనిపిస్తుంది కదా, దాని వెనక ఇంత గొడవ ఉంది. మన రైల్వే రూల్స్‌లో ఇప్పటికీ ఉంది: రంగు ఉండాల్సిన చోట తెల్ల వెలుగు కనిపించినా, అసలు వెలుగే లేకపోయినా, ఆ సిగ్నల్ చెప్పగలిగే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక చెప్పినట్టే తీసుకోవాలి.

1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ దీన్నే కరెంటులోకి తెచ్చాడు. పట్టాల్లో చిన్న కరెంటు పంపి, అవతల చివర ఒక రిలేని ఎత్తి పట్టేలా చేశాడు. రిలే లేచి ఉన్నంతసేపే దారి ఖాళీ. రైలు వస్తే దాని చక్రాలు రెండు పట్టాలనీ కలిపేస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపు. అసలు తెలివి ఎక్కడుందంటే, బ్యాటరీ అయిపోయినా రిలే పడుతుంది, వైరు తెగినా పడుతుంది, పట్టా విరిగినా చాలాసార్లు పడుతుంది. చెడిపోవడం అంటే ఎరుపు. ఫెయిల్ సేఫ్ అని మన సాఫ్ట్‌వేర్ మీటింగుల్లో తెగ వాడే మాటకి అసలు అర్థం ఇది.

కరెంటు బల్బుల సిగ్నళ్లు వచ్చాక ఇంకో మెట్టు ఎక్కారు. సిగ్నల్ బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టారు, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. బల్బులోంచి కరెంటు పోతోందా లేదా అని కాపలా కాయడానికి విడిగా ఒక రిలే. ఎర్ర బల్బు పూర్తిగా పోయిందనుకోండి, ఆ సంగతి రిలేకి తెలిసి, వెనకున్న సిగ్నల్‌ని ఎర్రగా మారుస్తుంది. లైటుని చూసే కన్ను అన్నమాట. ఇంత అనుమానం మనిషికి మంచిది కాదేమో గానీ, సిగ్నల్‌కి చాలా మంచిది.

ఇప్పుడు యార్డు నుంచి బిల్డింగులోకి వద్దాం. నిక్ హోలోన్యాక్ 1962లో కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని చేసి చూపించాడు. ఫిలమెంట్ లేదు, వేడి లేదు, ఏళ్ల తరబడి వెలుగుతుంది. తర్వాత ధర పడిపోయాక ప్రతి సర్క్యూట్ బోర్డు మీదికీ ఎక్కేసింది. 1987లో బిల్డింగ్ పరికరాలన్నీ ఒకే భాష మాట్లాడాలని అమెరికాలో ఆష్రే సంస్థ ఒక కమిటీ వేసింది. 1995లో ఆ భాష ప్రామాణికంగా బయటికొచ్చింది. పేరు బ్యాక్‌నెట్. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు చూస్తుంటారు కదా, వాటిలో చాలా చోట్ల ఫాల్స్ సీలింగ్ పైన ఈ భాషే నడుస్తుంటుంది.

అందులో ఎంఎస్‌టీపీ అని ఒక రకం ఉంది. ఒకే జత వైరు మీద వరసగా కంట్రోలర్లు. అందరూ ఒకేసారి మాట్లాడితే గోల, ఎవరి మాటా ఎవరికీ అర్థం కాదు. అందుకని టోకెన్ పెట్టారు. టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లే మాట్లాడాలి, అయ్యాక పక్క నంబరుకి అందించాలి. వినగానే మా ఊరివాళ్లకి నవ్వొస్తుంది, ఎందుకంటే ఇది అచ్చం సింగిల్ లైన్ రైల్వే. 1874లో ఇంగ్లండ్‌లో థోర్ప్ దగ్గర ఒకే లైన్ మీద రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి, టెలిగ్రాఫ్ కబురులో పొరపాటు వల్ల. దాని తర్వాత 1878లో ఎడ్వర్డ్ టయర్ ఒక యంత్రం చేశాడు: రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక్క బిళ్ల మాత్రమే బయటికొస్తుంది. అది చేతిలో ఉన్న డ్రైవరే వెళ్లాలి. మన దేశంలో అదే పనికి నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలు వాడారు. ఒక ఇనుప బంతి, తోలు సంచి, దానికి పెద్ద రింగు. కదిలే బండిలోంచి చెయ్యి చాపి రింగు అందుకునేవాళ్లు. ఇప్పుడు ఆ బంతి కొన్ని బైట్ల సందేశం అయింది, అంతే తేడా.

సరే, కంట్రోలర్ ముందు నిలబడ్డాం. లైట్ల పేర్లు కంపెనీని బట్టి మారతాయి, మాన్యువల్ చూడాల్సిందే. అయినా మామూలుగా ఉండేవి ఇవి. పవర్: లోపలికి కరెంటు వస్తోంది, అంతకుమించి ఏమీ చెప్పదు. రన్ లేదా హార్ట్‌బీట్: సెకనుకోసారి మినుకుమినుకుమంటుంది. ఇది ఊరికే వెలగకుండా ఎందుకు కొట్టుకుంటుంది? ప్రోగ్రామ్ మధ్యలో స్తంభించిపోయినా, చివరిసారి ఆన్ చేసిన లైటు అలాగే వెలుగుతూ ఉండిపోవచ్చు. ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని మార్చాలంటే మాత్రం లోపల ఎవరో బతికుండాలి. రెక్క ఒకచోట బిగుసుకుపోయిన అబాట్స్ రిప్టన్ సమస్యకి ఇది ఎలక్ట్రానిక్ జవాబు.

తర్వాత టీఎక్స్, అంటే నేను మాట్లాడుతున్నా. ఆర్‌ఎక్స్, అంటే వైరు మీద ఏదో వినిపిస్తోంది. రెండూ చకచకా మినుకుతుంటే టోకెన్ తిరుగుతోంది, బాగుంది. టీఎక్స్ అప్పుడప్పుడు కొట్టుకుని ఆర్‌ఎక్స్ చీకటిగా ఉంటే, పాపం ఎవరైనా ఉన్నారా అని పిలుస్తోంది, పలికేవాళ్లు లేరు. కేబుల్ తెగిందేమో చూడాలి. ఆర్‌ఎక్స్ కొట్టుకుంటూ టీఎక్స్ చీకటిగా ఉంటే, అందరి మాటా వింటోంది గానీ టోకెన్ తన దాకా రావడం లేదు. అడ్రస్ నంబరు తప్పో, స్పీడ్ సెట్టింగ్ తప్పో అని అనుమానించాలి. ఆర్‌ఎక్స్ అసలు కొట్టుకోకుండా నిలకడగా వెలుగుతుంటే, ప్లస్ మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో ముందు చూడాలి.

ఈ చివరిది నేను కళ్లారా చూశా. వీడియోలు మొదలుపెట్టకముందు నా ఉద్యోగం ఇలాంటి సిస్టమ్స్‌కి స్క్రీన్లు రాయడం. ఒక ఆఫీసు బిల్డింగులో ఒక అంతస్తు వాళ్లు ఉడికిపోతున్నాం మొర్రో అంటున్నారు. కింద కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ మీద అదే అంతస్తు పచ్చగా, 24 డిగ్రీలు అని చూపిస్తోంది. ఆపరేటర్ స్క్రీన్‌నే నమ్మాడు, పైవాళ్లది అతిగా ఉందన్నాడు. నిచ్చెన వేసుకుని సీలింగ్ పలక తీసి చూస్తే, రన్ లైట్లన్నీ బుద్ధిగా కొట్టుకుంటున్నాయి, పవర్ బాగుంది. కానీ వరసలో ఒకచోట నుంచి అవతలి కంట్రోలర్లన్నిటికీ ఆర్‌ఎక్స్ నిలకడగా వెలుగుతోంది. సీలింగ్ పని జరిగినప్పుడు ఎవరో కేబుల్ కోసి మళ్లీ కలిపారు, రెండు వైర్లూ అటూ ఇటూ అయ్యాయి. అవతలి గుంపుకి ఇవతలి మాట తలకిందులుగా వినిపిస్తోంది, అందుకే విడిగా ఇంకో టోకెన్ పుట్టించుకుంది. ఒకే లైన్ మీద రెండు టోకెన్లు! వైర్లు మార్చి బిగించాక ఐదు నిమిషాల్లో అంతా సర్దుకుంది. మరి స్క్రీన్ మీద 24 ఎక్కడిది? కబురు ఆగిపోయే ముందు అందిన చివరి విలువ. ఆ పచ్చ రంగు గదికి కట్టి లేదు, డేటాబేస్‌కి కట్టి ఉంది.

ఆఫీసులో నలుగురికి చెమట పట్టడంతో పోయింది కాబట్టి సరదాగా చెబుతున్నా. అన్నిసార్లూ అలా పోదు. 1979 మార్చి 28, అమెరికాలో పెన్సిల్వేనియా, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. ఒక సమస్య వచ్చి రియాక్టర్ వ్యవస్థలో ఒత్తిడి పెరిగింది, దాన్ని తగ్గించే వాల్వు తెరుచుకుంది. తర్వాత అది మూసుకోవాలి, మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో దానికో లైటు ఉంది, అది ఆరిపోయింది. ఆరింది కాబట్టి మూసుకుంది అనుకున్నారు. నిజానికి ఆ లైటు కట్టి ఉంది వాల్వుకి కాదు, వాల్వుకి వెళ్లే ఆర్డర్‌కి. మూసుకో అని ఆర్డర్ వెళ్లింది, లైటు ఆరింది, వాల్వు మాత్రం తెరిచే ఉంది. రెండు గంటలకి పైగా చల్లదనం ఇవ్వాల్సిన నీళ్లు బయటికి పోయాయి, రియాక్టర్ గుండె కొంత కరిగిపోయింది. మా పెద్దాయన భాషలో చెప్పాలంటే వాళ్ల దగ్గర లివర్ ఉంది, బ్యాక్ లైట్ లేదు. అణుశక్తి చేతిలో ఉన్నవాళ్ల దగ్గర కిరసనాయిలు దీపం రోజుల నాటి రంధ్రం, రేకు లేకపోయాయి.

మన దగ్గరికి వద్దాం. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మా బిట్రగుంటలో ఆగదు. చెన్నై వెళ్లేటప్పుడు ప్లాట్‌ఫామ్ దుమ్ము లేపుకుంటూ పోతుంది, అంతే. 2023 జూన్ 2 సాయంత్రం షాలిమార్ నుంచి బయల్దేరిన ఆ బండి ఒడిశాలో బాలాసోర్ దగ్గర బహానగా బజార్ స్టేషన్‌కి వచ్చింది. మెయిన్ లైన్‌కి పచ్చ సిగ్నల్ వెలుగుతోంది. పట్టాల పాయింట్ మాత్రం లూప్ లైన్ వైపు తిరిగి ఉంది, ఆ లూప్‌లో ఇనుప ఖనిజం బండి నిలబడి ఉంది. గంటకి 120 కిలోమీటర్లు దాటిన వేగంతో వెళ్లి గుద్దింది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైన్ మీద వస్తున్న యశ్వంత్‌పూర్–హౌరా రైలుకి తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు.

రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది ఏంటంటే, స్టేషన్ దగ్గరి సిగ్నల్ గుమ్టీలో గతంలో సర్క్యూట్ మార్చినప్పుడు లోపాలు జరిగాయి, ఆ మీదట లెవల్ క్రాసింగ్ గేటు పని చేస్తూ వైర్లు కలిపినప్పుడు కూడా తప్పు జరిగింది. మళ్లీ ఒకసారి ఆలోచించండి. రాబిన్సన్ నుంచి నూటయాభై ఏళ్లు పేర్చుకుంటూ వచ్చిన ఫెయిల్ సేఫ్ అంతా ఆ గుమ్టీలో ఉంది. బ్యాటరీ పోతే ఎరుపు, వైరు తెగితే ఎరుపు, బల్బు పోతే ఎరుపు. కానీ వైరు తెగలేదు. వేరే చోట కలిసింది. తెగిన వైరుని పట్టుకునే తెలివి ఆ సిస్టమ్‌కి ఉంది, తప్పు చోట కలిసిన వైరు దానికి మామూలు వైరులాగే కనిపిస్తుంది. డ్రైవరు చూసిన పచ్చ చెడిపోయిన పచ్చ కాదు, చక్కగా వెలుగుతున్న పచ్చ. రూల్ ప్రకారం చూసినా అతను ఆగాల్సిన కారణం లేదు.

ఆ తర్వాత రిలే రూములకి, గుమ్టీలకి రెండు తాళాల పద్ధతి మీద రైల్వే గట్టిగా దృష్టి పెట్టింది: సిగ్నల్ వాళ్లొక్కరే తెరిచి పని చేయకూడదు, స్టేషన్ మాస్టర్‌కి తెలియాలి. మంచిదే. కవచ్ గురించి కామెంట్లలో అడుగుతారు కాబట్టి ముందే చెప్తా. 2022 మార్చిలో మన దక్షిణ మధ్య రైల్వేలో, తెలంగాణలోని గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజన్‌లో కూర్చుని చూసింది దాన్నే. సిగ్నల్ ఏం చెబుతోందో కవచ్ ఇంజన్‌లోకి తెస్తుంది, ఎరుపు దాటబోతే బ్రేకు వేస్తుంది. గొప్ప విషయం. కానీ సిగ్నల్ వ్యవస్థ తనకి ఇచ్చిన మాటనే అది కూడా నమ్ముతుంది.

అందుకే సిగ్నల్ ఇంజనీర్ల దగ్గర ఒక పాత టెస్ట్ ఉంది, పేరు కరస్పాండెన్స్ టెస్ట్. సర్క్యూట్‌లో ఏ మార్పు చేసినా, ఒకరు ప్యానెల్ ముందు కూర్చుంటారు, ఇంకొకరు పట్టాల దగ్గర నిలబడతారు. ప్యానెల్ దగ్గరివాడు పాయింట్ తిప్పి, నాకు లూప్ అని చూపిస్తోంది అంటాడు. అవతలివాడు కళ్లతో పట్టాని చూసి, నిజమే, లూప్‌కే ఉంది అంటాడు. ప్రతి పాయింటుకీ, ప్రతి సిగ్నల్‌కీ ఇలాగే. విసుగు పుట్టించే పని, టైమ్ పడుతుంది, రైళ్లు ఆపాల్సి వస్తుంది. బిల్డింగులో కూడా ఇదే చేస్తాం: ఒకరు స్క్రీన్ దగ్గర, ఒకరు ఫోన్ చెవిలో పెట్టుకుని నిచ్చెన మీద. డ్యాంపర్ తెరిచా, తెరుచుకుందా? తెరుచుకుంది. మూశా. ఆగు, ఇంకా కదుల్తోంది... ఆ, ఇప్పుడు మూసుకుంది. తర్వాతది.